చిక్కటి ద్రవంలో బుడగల దారి: బబుల్ కాలమ్‌లో గ్యాస్ నిండుగా ఉన్నా ఆక్సిజన్ ఎందుకు అందదు?

రెండు మీటర్ల ఎత్తు వరకు చిక్కటి పాలిమర్ ద్రావణం నింపిన నిలువు గాజు గొట్టం. అడుగు నుంచి గాలి ఊదుతున్నారు. గాలి నడుస్తున్నంతసేపూ ద్రవం ఉబ్బి రెండున్నర మీటర్ల దగ్గర నిలబడింది. ఇప్పుడు వాల్వ్ కట్టేస్తే ఏమవుతుంది? గొట్టంలో నీళ్లే ఉంటే బుడగలన్నీ కొన్ని సెకన్లలో పైకొచ్చేసి మట్టం తిరిగి రెండు మీటర్లకు దిగిపోతుంది. చిక్కటి ద్రావణంలో అలా జరగదు. మొదటి ఐదారు సెకన్లలో పెద్ద పెద్ద బుడగలు దబదబా పైకొచ్చి పగిలిపోతాయి, మట్టం 2.3 మీటర్లకు జారుతుంది. అక్కడ ఆగినట్టే ఆగిపోతుంది. ద్రవం మసకగా, తెల్లగా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆవగింజంత బుడగలు, అంతకంటే చిన్నవి కూడా, ఎక్కడివక్కడ వేలాడుతూ ఉంటాయి. గంట తర్వాత వచ్చి చూసినా మట్టం ఇంకా పూర్తిగా దిగి ఉండదు.

ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. ప్రవర్తన మాత్రం ఇలాంటి ద్రవాలతో పనిచేసిన ప్రతి ప్రయోగశాలకూ పరిచితమే. గాలి ఆపేసి మట్టం ఎలా పడిపోతుందో చూసి, లోపల ఏ రకం బుడగలు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టే పద్ధతిని 1977లో శ్రీరామ్, మాన్ ప్రతిపాదించారు. చూడటానికి చాలా మామూలు ప్రయోగం. అయినా చిక్కటి ద్రవాల విషయంలో ఇంత నిజాయితీగా జవాబిచ్చే ప్రయోగం మరొకటి లేదు. కాలమ్‌లో ఎంత గ్యాస్ ఉందన్న ప్రశ్న కంటే, ఆ గ్యాస్ ఏ బుడగల్లో ఉందన్న ప్రశ్నే ముఖ్యమని అది కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

బబుల్ కాలమ్ అంటే కదిలే భాగాలేవీ లేని రియాక్టర్. నిలువు పాత్ర, అడుగున చిల్లులున్న స్పార్జర్, అందులోంచి పైకొచ్చే గ్యాస్, అంతే. కలిపే పని కూడా బుడగలదే. ఫెర్మెంటేషన్‌లో, మురుగునీటి శుద్ధిలో, ఆక్సిడేషన్ చర్యల్లో, ఫిషర్-ట్రాప్ష్ పద్ధతిలో ఇంధనాల తయారీలో దీన్ని వాడతారు. కాలమ్‌లోని మొత్తం ఘనపరిమాణంలో గ్యాస్ వాటాను గ్యాస్ హోల్డప్ అంటారు. పై ఉదాహరణలో రెండున్నర మీటర్లలో అర మీటరు గ్యాస్, అంటే హోల్డప్ 20 శాతం. గ్యాస్ ప్రవాహాన్ని కాలమ్ అడ్డకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది గ్యాస్ వేగం. గాలి, నీరు ఉన్న కాలమ్‌లో ఈ వేగం సెకనుకు దాదాపు 5 సెంటీమీటర్ల లోపు ఉంటే బుడగలు ఇంచుమించు ఒకే సైజులో, ఒద్దికగా పైకెళతాయి. వేగం పెంచితే బుడగలు కలిసిపోయి పెద్దవవుతాయి, ద్రవం సుడులు తిరుగుతుంది.

నీళ్ల విషయంలో హోల్డప్ ఎక్కువుంటే బుడగల ఉపరితలం ఎక్కువ, ఉపరితలం ఎక్కువైతే ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది. ఈ సూత్రం చాలావరకు పనిచేస్తుంది. అందుకే అలవాటుగా చిక్కటి ద్రవాలకూ దీన్నే వర్తింపజేస్తుంటారు. పొరపాటు మొదలయ్యేది ఇక్కడే.

చిక్కదనం కొద్దిగా పెరిగినప్పుడు జరిగేది మరీ విచిత్రం. చిక్కదనానికి కొలత స్నిగ్ధత, దాని ప్రమాణం పాస్కల్-సెకన్లు. నీటి స్నిగ్ధత దాదాపు 0.001 పాస్కల్-సెకన్లు. దాన్ని గ్లిసరాల్ కలిపి మూడు రెట్ల వరకు పెంచినప్పుడు బుడగల ఒద్దిక చెడకపోగా మరింత గట్టిపడుతుందనీ, ఆ హద్దు దాటాక మాత్రం త్వరగా చెడిపోతుందనీ రుజిచ్కా బృందం 2003లో చూపించింది. కారణం ఊహించలేనిదేమీ కాదు. చిక్కదనం కాస్త పెరిగితే బుడగలు నెమ్మదించి లోపల ఎక్కువసేపు ఉంటాయి. ఇంకా పెరిగితే ఒకదాని వెనక ఒకటి చేరి కలిసిపోవడం ఎక్కువై, పెద్ద బుడగలు తయారై, గ్యాస్ చప్పున బయటపడుతుంది. అయితే గ్లిసరాల్ న్యూటోనియన్ ద్రవం. దాన్ని ఎంత వేగంగా కదిపినా చిక్కదనం మారదు. అసలు చిక్కు నాన్-న్యూటోనియన్ ద్రవాలతోనే.

ఒకే ద్రవం, ఒక్కో బుడగకు ఒక్కో చిక్కదనం

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, జాంథాన్ గమ్, గ్వార్ గమ్ ద్రావణాలు, బూజు తంతువులు పెరిగిన ఫెర్మెంటర్ ద్రవం, గట్టి బురద, ఇవన్నీ కదిపేకొద్దీ పలచబడతాయి. పక్కపక్క పొరలు ఒకదానిపై ఒకటి జారే వేగాన్ని షియర్ రేటు అంటారు. అది పెరిగేకొద్దీ వీటి చిక్కదనం తగ్గుతుంది. లెక్కల కోసం దీన్ని రెండు అంకెలతో వర్ణిస్తారు. ఒకటి ద్రవం మొత్తంగా ఎంత చిక్కనిదో చెప్పే గుణకం. రెండోది కదలికకు అది ఎంతగా లొంగుతుందో చెప్పే ఘాతం. ఘాతం 1 అయితే న్యూటోనియన్. ఘాతం 0.5 అయితే, షియర్ రేటు నాలుగు రెట్లు పెరిగినప్పుడు చిక్కదనం సగమవుతుంది.

బుడగ వైపు నుంచి చూస్తే దీని అర్థం వేరేగా ఉంటుంది. వేగంగా పోయే పెద్ద బుడగ తన చుట్టూ ద్రవాన్ని గట్టిగా కదుపుతుంది కాబట్టి దానికి ద్రవం పలచగా తగులుతుంది. మెల్లగా కదిలే చిన్న బుడగ చుట్టూ ద్రవం దాదాపు కదలదు కాబట్టి దానికి అదే ద్రవం చాలా చిక్కగా తగులుతుంది. చిక్కగా తగిలినందువల్ల అది ఇంకా మెల్లగా కదులుతుంది. మెల్లగా కదిలినందువల్ల మళ్లీ ఇంకా చిక్కగా తగులుతుంది.

అంకెల్లో చూద్దాం. చిక్కదన గుణకం 1, ఘాతం 0.5 ఉన్న ద్రవం అనుకుందాం. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న బుడగ ఒంటరిగా పైకెళ్లే వేగం స్టోక్స్ సూత్రం ప్రకారం సెకనుకు 0.3 మిల్లీమీటర్లు వస్తుంది. రెండు మీటర్లు ఎక్కడానికి దాదాపు రెండు గంటలు. దాని చుట్టూ ద్రవం చిక్కదనం దాదాపు 1.8 పాస్కల్-సెకన్లు, అంటే నీటికి 1800 రెట్లు. అదే ద్రవంలో 5 సెంటీమీటర్ల టోపీ ఆకారపు బుడగ వేగం, డేవిస్, టేలర్ 1950లో ఇచ్చిన సంబంధం ప్రకారం, సెకనుకు దాదాపు అర మీటరు. రెండు మీటర్లకు నాలుగు సెకన్లు చాలు. దానికి తగిలే చిక్కదనం 0.3 పాస్కల్-సెకన్లు మాత్రమే.

మామూలు చిక్కటి ద్రవంలో చిన్న బుడగ వ్యాసం రెట్టింపైతే వేగం నాలుగు రెట్లవుతుంది. ఘాతం 0.5 ఉన్న ద్రవంలో ఎనిమిది రెట్లవుతుంది. అంటే సైజులో కొద్దిపాటి తేడా కూడా వేగంలో పెద్ద తేడాగా మారుతుంది. కాస్త పెద్దది ముందున్నదాన్ని అందుకుని కలుపుకుంటుంది, ఇంకా పెద్దదై ఇంకా వేగంగా పోతుంది. చిన్నవి వెనకబడి అక్కడే పోగవుతాయి. నీళ్లలో కనిపించే ఒక మోస్తరు సైజు బుడగల గుంపు ఇలా రెండుగా చీలిపోతుంది. ఒకవైపు పిడికిలంత బుడగలు కొన్ని, మరోవైపు కంటికి ఆనీ ఆనని బుడగలు లెక్కలేనన్ని. మధ్య సైజువి దాదాపు మాయమవుతాయి.

నిజమైన కాలమ్‌లో చిన్న బుడగ ఒంటరిగా ఎక్కదన్నది ఒప్పుకోవాలి. పెద్ద బుడగలు రేపే సుడుల్లో చిక్కి అది పైకీ కిందికీ తిరుగుతుంది. పైగా అత్యల్ప షియర్ దగ్గర నిజమైన పాలిమర్ ద్రావణాల చిక్కదనం ఒక గరిష్ఠం దగ్గర నిలిచిపోతుంది. కానీ ద్రవంతో పాటు తిరగడం వేరు, ద్రవాన్ని దాటుకుని బయటపడటం వేరు. ఈ బుడగలు రోజంతా సుడిగుండంలో తిరిగినా ద్రవం ఉపరితలం చేరి పగిలేవి కొన్నే. అందుకే ఇలాంటి కాలమ్‌లో గాలి మొదలుపెట్టాక హోల్డప్ స్థిరపడటానికి చాలాసేపు పడుతుంది. పది నిమిషాలకే కొలత తీసుకుంటే ఒక అంకె, రెండు గంటల తర్వాత తీసుకుంటే మరో అంకె వస్తాయి.

ఉపరితలం ఒకచోట, ప్రవాహం ఇంకోచోట

మొదటి ఉదాహరణకే తిరిగి వెళ్దాం. గ్యాస్ వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు అనుకుందాం. 20 శాతం హోల్డప్‌లో పెద్ద బుడగల వాటా 8 శాతం, చిన్న బుడగల వాటా 12 శాతం. చిన్నవి ఒక మిల్లీమీటరువి, పెద్దవి 5 సెంటీమీటర్లవి.

ఉపరితలం లెక్కగడితే, ఒక ఘనపు మీటరు కాలమ్‌లో పెద్ద బుడగలకు 10 చదరపు మీటర్ల లోపు, చిన్నవాటికి 720 చదరపు మీటర్లు. అంటే మొత్తం ఉపరితలంలో దాదాపు 99 శాతం చిన్న బుడగలదే. కాగితం మీద ఇది అద్భుతమైన రియాక్టర్.

ఇప్పుడు ప్రవాహం లెక్క. చిన్న బుడగలు 12 శాతం చోటు ఆక్రమించినా కదిలేది సెకనుకు 0.3 మిల్లీమీటర్లు. కాబట్టి కాలమ్‌లోకి వచ్చే గాలిలో అవి మోసుకెళ్లేది వెయ్యో వంతు కూడా కాదు. మిగతాదంతా పెద్ద బుడగల్లోనే, సెకనుకు 60 సెంటీమీటర్లకు పైగా వేగంతో, మూడు నాలుగు సెకన్లలో లోపలికొచ్చి బయటికి పోతుంది. ఊదిన గాలికి ఉపరితలం లేదు, ఉపరితలం ఉన్న గాలి మారదు.

మారని గాలిలో ఆక్సిజన్ ఎంతసేపు ఉంటుంది? మామూలు గాలి లీటరులో దాదాపు 275 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. ఆ గాలితో సంతృప్తమైన లీటరు నీటిలో 25 డిగ్రీల దగ్గర దాదాపు 8 మిల్లీగ్రాములే కరుగుతుంది. గాలిలో నిల్వ అంత ఎక్కువున్నా, సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వెంటవెంటనే వాడేస్తున్న ద్రవంలో ఒక మిల్లీమీటరు బుడగ తన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని పది పదిహేను నిమిషాల్లో కోల్పోతుంది. ఆ తర్వాత గంటల తరబడి లోపల తిరిగేది నైట్రోజన్ నిండిన బుడగ. అది హోల్డప్ లెక్కలో ఉంటుంది, ఉపరితలం లెక్కలో ఉంటుంది, ఆక్సిజన్ సరఫరాలో మాత్రం ఉండదు. ఫెర్మెంటర్‌లోని కణాలకు అందాల్సిన చోటును అది ఊరికే ఆక్రమించి కూర్చుంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పెద్ద బుడగలు పగులుతూ కలుస్తూ చిన్నవాటిని కలుపుకుని మళ్లీ కొత్తగా విడిచిపెడుతుంటే చిన్న బుడగల్లోకి తాజా గాలి చేరుతుంది. ద్రవం ఓ మోస్తరు చిక్కగా ఉన్నప్పుడు ఈ మార్పిడి బాగానే జరుగుతుంది. చిక్కదనం పెరిగేకొద్దీ మందగిస్తుంది. ఒక కాలమ్‌ను అంచనా వేసేటప్పుడు అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే, కానీ దీన్ని కొలిచేవాళ్లు తక్కువ. హోల్డప్ కొలవడం తేలిక కాబట్టి అందరూ అదే కొలుస్తారు.

5000 అనే అంకె

డిజైన్ చేసేవాళ్లకు బుడగ బుడగకూ వేరే చిక్కదనం పెట్టుకుంటే పని జరగదు. మొత్తం కాలమ్‌కు ఒకే షియర్ రేటు, దాన్నుంచి ఒకే చిక్కదనం కావాలి. 1977లో నిషికావా బృందం ఇందుకు ఒక సులువైన సూత్రం ఇచ్చింది. సెకనుకు మీటర్లలో చెప్పిన గ్యాస్ వేగాన్ని 5000తో గుణిస్తే సగటు షియర్ రేటు వస్తుంది. గ్యాస్ వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు దాటినప్పుడు దీన్ని వాడమన్నారు. ఆ అంకె పుట్టింది కాలమ్‌లో ఉష్ణ బదిలీ కొలతల నుంచి. ఆ తర్వాత అది ఉష్ణ బదిలీతో సంబంధం లేని చోట్లకూ పాకిపోయింది. 5000కు బదులు 2800, 1500 వాడినవాళ్లూ ఉన్నారు.

తేడా చిన్నదేమీ కాదు. పై ద్రవంలోనే, పై గ్యాస్ వేగం దగ్గర 5000 వాడితే చిక్కదనం 0.063 పాస్కల్-సెకన్లు వస్తుంది. 1500 వాడితే 0.115. పెద్ద బుడగ వేగాన్ని దాని వ్యాసంతో భాగించి షియర్ రేటు తీస్తే 0.316. ఒకే కాలమ్, ఒకే ద్రవం, అయిదు రెట్ల తేడా. గ్యాస్ నుంచి ద్రవంలోకి ఆక్సిజన్ ఎంత త్వరగా చేరుతుందో చెప్పే ఆక్సిజన్ బదిలీ గుణకం ఈ చిక్కదనానికి దాదాపు విలోమంగా మారుతుంది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ద్రావణాలకు 1980ల తొలినాళ్లలో వచ్చిన సూత్రాల్లో ఈ విలోమ సంబంధంలో చిక్కదనంపై ఉండే ఘాతం దాదాపు 0.84 నుంచి 1 వరకు కనిపిస్తుంది. కాబట్టి షియర్ రేటు ఎంపికలో వచ్చిన తేడా నేరుగా ఆక్సిజన్ అంచనాలోకి దాదాపు నాలుగైదు రెట్ల తేడాగా దిగుతుంది. ఒక సూత్రాన్ని ఎక్కడి నుంచైనా తెచ్చుకుంటే, అది ఏ షియర్ రేటు నిర్వచనంతో తయారైందో ఆ నిర్వచనంతోనే వాడాలి. బదిలీ సూత్రాన్ని ఒకచోట నుంచి, షియర్ సూత్రాన్ని మరోచోట నుంచి తెచ్చి కలిపితే వచ్చే జవాబుకు అర్థమే ఉండదు. ఇంత స్పష్టమైన విషయం ఇప్పటికీ నిర్లక్ష్యానికి గురవుతుండటం బాధాకరం.

సాగే ద్రవాలు, గుర్తుపెట్టుకునే ద్రవాలు

కొన్ని పాలిమర్ ద్రావణాలు పలచబడటంతో ఆగవు. రబ్బరులా కొంత సాగి వెనక్కి లాగుతాయి కూడా. వీటిలో బుడగ వెనక భాగం గుండ్రంగా ఉండదు, మొనదేలి కన్నీటి చుక్క ఆకారానికి వస్తుంది. 1965లో అస్తరీతా, అపుజ్జో ఇలాంటి ద్రావణాల్లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి గమనించారు. బుడగ ఘనపరిమాణం పెంచుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర దాని వేగం క్రమంగా కాకుండా ఒక్కసారిగా కొన్ని రెట్లు ఎగబాకుతుంది. హద్దుకు ఇటుపక్క బుడగ నత్తనడక, అటుపక్కది పరుగు. చిన్న, పెద్ద బుడగల మధ్య చీలికను ఇది ఇంకా పదునెక్కిస్తుంది.

1979లో హసాగర్ మరో సంగతి చెప్పారు. నీళ్లలో పైకెళ్లే బుడగ తన వెనకున్న ద్రవాన్ని తనతో పాటు పైకి లాగుతుంది. సాగే ద్రవంలో మాత్రం బుడగ వెనక కొద్ది దూరంలో ద్రవం కిందివైపు కదులుతుంది. దీన్ని రుణాత్మక వేక్ అంటారు.

కాలమ్ దృష్ట్యా వీటికంటే ముఖ్యమైనది ద్రవం జ్ఞాపకం. బుడగ వెళ్లిన దారిలో ద్రవం వెంటనే మామూలు స్థితికి రాదు. పాలిమర్ గొలుసులు సర్దుకునేదాకా ఆ దారి కాస్త పలచగా, లొంగుబాటుగా ఉంటుంది. వెనకొచ్చే బుడగకు అది తెరిచిన బాట. అందుకే అది వేగం పుంజుకుని ముందుదాన్ని అందుకుంటుంది. ఫ్రాన్స్‌లోని నాన్సీలో హువై లీ బృందం 1997లో ప్రచురించిన పనిలో, ఒకే చిల్లు నుంచి సమాన వ్యవధిలో వదిలిన బుడగలు పైకెళ్లేసరికి ఒకదానితో ఒకటి కలిసి, క్రమం చెదిరిపోవడాన్ని వివరించింది. స్పార్జర్ చిల్లులు సన్నగా చేసి చిన్న బుడగలు సృష్టిద్దామనే ఆలోచన చిక్కటి ద్రవంలో ఎందుకు నిరాశపరుస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. చిల్లు దగ్గర పుట్టిన సైజు కొద్ది ఎత్తుకే చెరిగిపోతుంది.

కొన్ని ద్రవాలు ఒక హద్దు కంటే తక్కువ ఒత్తిడి పెడితే అసలు కదలనే కదలవు. కార్బోపాల్ జెల్ ఇందుకు తెలిసిన ఉదాహరణ. హెయిర్ జెల్ సీసాలో గాలి బుడగలు నెలల తరబడి అక్కడే ఉండిపోవడం చాలామంది చూసే ఉంటారు. బుడగ పైకి తేలే బలం దాని సైజుతో పెరుగుతుంది కాబట్టి ప్రతి జెల్‌కూ ఒక హద్దు సైజు ఉంటుంది. అంతకంటే చిన్నది శాశ్వతంగా చిక్కుబడుతుంది. ఆ హద్దు ఒత్తిడి 10 పాస్కల్‌లు ఉంటే సెంటీమీటరు బుడగ కూడా కదలకుండా ఉండిపోగలదు.

సన్నని గొట్టం చెప్పేది పెద్ద కాలమ్‌కు సరిపోదు

ప్రయోగాల్లో ఎక్కువ భాగం 10, 15 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టాల్లో జరిగాయి. చిక్కటి ద్రవంలో బుడగలు పెరిగి పెరిగి గొట్టం వెడల్పునంతా ఆక్రమించి, తూటా ఆకారంలో ఒకదాని వెనక ఒకటి ఎక్కుతాయి. దీన్నే స్లగ్ ప్రవాహం అంటారు. ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది గోడ. కదలకుండా నిలిచిన ద్రవంలో, 10 సెంటీమీటర్ల గొట్టంలో స్లగ్ సెకనుకు దాదాపు 35 సెంటీమీటర్ల కంటే వేగంగా పోలేదు. మీటరు వెడల్పున్న కాలమ్‌లో బుడగకు ఆ కట్టడి లేదు. అది 20 సెంటీమీటర్లకు పెరిగితే వేగం సెకనుకు దాదాపు ఒక మీటరు. అదే గ్యాస్ వేగానికి పెద్ద కాలమ్‌లో పెద్ద బుడగల హోల్డప్ మూడో వంతుకు పడిపోవచ్చు. నీళ్లకు 15 సెంటీమీటర్ల వ్యాసం దాటితే గోడ ప్రభావం అంతగా ఉండదనే లెక్క ఉంది. దాన్ని చిక్కటి ద్రవాలకు యథాతథంగా వాడకూడదు.

కొలతలోనూ ఒక ఉచ్చు ఉంది. ఆక్సిజన్ బదిలీ గుణకాన్ని సాధారణంగా ఇలా కొలుస్తారు: ముందు నైట్రోజన్ ఊది ద్రవంలోని ఆక్సిజన్ తీసేస్తారు, తర్వాత గాలికి మార్చి ఆక్సిజన్ ఎంత త్వరగా పెరుగుతుందో ప్రోబ్‌తో చూస్తారు. చిక్కటి ద్రవంలో, గాలికి మార్చిన తర్వాత కూడా నైట్రోజన్ నిండిన చిన్న బుడగలు లోపలే ఉంటాయి. పెద్ద బుడగలు తెచ్చిన ఆక్సిజన్‌ను అవి తమలోకి లాక్కుంటాయి. ప్రోబ్‌కు కనిపించేది అసలు కంటే మందమైన పెరుగుదల. పైగా ప్రోబ్ మొన చుట్టూ కదలని చిక్కటి పొర ఏర్పడి స్పందన ఆలస్యమవుతుంది. నైట్రోజన్ ఆపాక చిన్న బుడగలు పోయేదాకా ఆగి, ద్రవంపై ఖాళీ చోటులో గాలి చేరకుండా చూసి, అప్పుడు గాలి మొదలుపెడితే మొదటి ఉచ్చు తప్పుతుంది. సమయం పడుతుంది, కానీ అంకెను నమ్మవచ్చు.

జాంథాన్ తయారీలో ఈ సమస్యలన్నీ ఒకేచోట ఎదురవుతాయి. జాంథోమొనాస్ క్యాంపెస్ట్రిస్ బాక్టీరియాను పెంచడం మొదలుపెట్టినప్పుడు ద్రవం దాదాపు నీళ్లలాగే ఉంటుంది. కాలమ్ చక్కగా పనిచేస్తుంది. గమ్ పోగయ్యేకొద్దీ చిక్కదన గుణకం పెరుగుతుంది, ఘాతం తగ్గుతుంది, బుడగలు రెండుగా చీలతాయి. మట్టం మాత్రం పెరుగుతూనే ఉండవచ్చు, ఎందుకంటే చిన్న బుడగలు బయటపడటం లేదు. ఆ పెరుగుదల చూసి గాలి బాగా అందుతోందని అనుకుంటే, సరిగ్గా అదే సమయంలో కణాలు ఆక్సిజన్ లేక అల్లాడుతుంటాయి. గాలి ఇంకా ఎక్కువ ఊదితే పెద్ద బుడగలు ఇంకా పెద్దవై ఇంకా తొందరగా బయటికి పోతాయి. ఖర్చుకు తగ్గ ఫలితం రాదు.

ఇలాంటి దశలో పనికొచ్చేవి పెద్ద బుడగను పదేపదే పగలగొట్టే ఏర్పాట్లే. కాలమ్‌లో ఎత్తు వెంబడి చిల్లుల పలకలు పెట్టడం, ద్రవం ఒక గొట్టంలో పైకెక్కి మరో గొట్టంలో దిగేలా ఎయిర్‌లిఫ్ట్‌గా మార్చడం, అదీ చాలకపోతే యంత్రంతో కలిపే ట్యాంకుకు మారడం. పలక దాటిన ప్రతిసారీ పెద్ద బుడగలోని తాజా గాలి కొంత చిన్న బుడగల్లోకి చేరుతుంది, నైట్రోజన్‌తో మిగిలిపోయిన పాత బుడగలు కొన్ని పెద్దవాటిలో కలిసి బయటికి పోతాయి. పలకలు పెట్టాక మొత్తం హోల్డప్ పెద్దగా మారకపోయినా ఆక్సిజన్ బదిలీ మెరుగుపడవచ్చు. మార్పు వచ్చిందో లేదో తేల్చుకోవడానికి వాల్వ్ కట్టేసి గడియారం చూడటం ఒక దారి. రెండో దారి, కాలమ్ పైనుంచి బయటికొచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలవడం. లోపలికి 21 శాతంతో వెళ్లిన గాలి దాదాపు 21 శాతంతోనే బయటికొస్తుంటే, మట్టం ఎంత ఎత్తున నిలబడినా, ఆ గాలి ద్రవాన్ని తాకకుండానే వెళ్లిపోతోంది.